కొండ దిగే బండికి బ్రేకు

లైల్ నడుం దాకా పికప్ లోపల ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయట చలిలో ఉన్నాయి. తల స్టీరింగు కింద, బ్రేకు పెడలు పక్కన ఇరుక్కుని ఉంది. నోట్లో చిన్న టార్చి. ఇలా వెల్లకిలా పడుకుని పనిచేసీ చేసీ అతని చొక్కాలు అందరికీలాగా మోచేతుల దగ్గర కాక భుజాల వెనక చిరుగుతాయి. బఫలో ఊళ్ళో గుర్రాల ట్రెయిలరు లాగే ప్రతి బండిలోనూ అతను లాగిన తీగ ఉంటుంది గాని, అతని మొహం ఎలా ఉంటుందంటే చాలామంది కాసేపు ఆలోచించుకోవాలి. బూట్లు చూపిస్తే మాత్రం చప్పున గుర్తుపడతారు.

అలాంటి ఒక బూటును బయటినుంచి ఇంకో బూటు తట్టింది.

“ఒరే, ఉన్నావా, పోయావా?”

లైల్ నోట్లోంచి టార్చి తీశాడు. “నువ్వలా వాగుతుంటే పోవడానికి కూడా తీరిక దొరకట్లేదు అన్నయ్యా.”

“మధ్యాహ్నానికి కొండమీద మబ్బు కమ్ముతుంది. వెలుతురుండగా నేను టెన్‌స్లీప్ లోయ దిగాలి.”

“దిగుదువుగానిలే.”

ఆ మాట అన్నాడే గాని, లైల్ గుండెలో పొద్దుటినుంచీ ఒక రాయి పడి ఉంది. కాఫీ కూడా తాగకముందే అన్న ఆర్విడ్ కూతురు కారిన్ ఫోన్ చేసింది.

“బాబాయ్, నాన్న నీ దగ్గరికే వస్తున్నాడు. డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు. గుండె ఎప్పుడు ఆగుతుందో తెలీదట. ఆ కొండమీద, వెనకాల రెండు కంచరగాడిదలతో... నీకు దణ్ణం పెడతాను, ఆపు బాబాయ్.”

“మీ నాన్న నా మాట ఎప్పుడు విన్నాడమ్మా?”

“అయితే నువ్వే తోలు.”

“తాళంచెవి ఇవ్వడే.”

“మరెలాగ?”

“చూస్తానుండమ్మా” అన్నాడు లైల్. ఏం చూస్తాడో అప్పటికి అతనికీ తెలియదు.

కంచరలను పెంచేవాళ్ళ దగ్గర ఒక పట్టింపు ఉంది. మేత వేసిన చెయ్యే బండి తోలాలి. తన కంచరలు వెనక ఉండగా ఇంకొకడికి తాళంచెవి ఇవ్వడమంటే, ఇక నా పని అయిపోయిందని పదిమందిలో ఒప్పుకోవడమే. ఆర్విడ్ పశువులను అమ్మేశాడు, పొలం అమ్మేశాడు, పుట్టిన ఇంటి గుమ్మానికి వేరేవాళ్ళ పేరు వేలాడుతోంది. మిగిలినవి పెర్ల్, డాట్ అనే ఈ రెండు కంచరలు, వాటిని తోలుకుపోయే హక్కూ. కొండ అవతల కూతురింటికి చేరబోయే మనిషి దగ్గర అది కూడా లాక్కోవడానికి లైల్‌కు నోరు రాలేదు. నోరు రాకపోతే చెయ్యి ఏదో ఒకటి చెయ్యాలి గదా.

అతను లేచి, తుంటి సర్దుకుని, కుంటుకుంటూ షెడ్డులోకి వెళ్ళి రెండు పెట్టెలు తెచ్చి బానెట్ మీద పెట్టాడు. రెండూ అరచెయ్యంత ఉన్నాయి. ట్రెయిలరు చక్రాల్లోని బ్రేకులకు కరెంటు పంపేవి ఇవే.

“ఇది సరిపోతుంది” అంటూ ఆర్విడ్ పాతరకం దాని మీద చెయ్యి వేశాడు. “దీనికి ఆలోచన లేదు. నాకు ఆలోచించే సామాన్లంటే చిరాకు.”

“దానికి ఆలోచన లేదనేగా భయం. నువ్వు మెల్లగా తొక్కినా, గట్టిగా తొక్కినా అది ఒకటే పాట పాడుతుంది. కాసేపు ఊరుకుని ఒక్కసారిగా పట్టేస్తుంది. పెర్ల్ మోకాళ్ళ మీద పడుతుంది. పడ్డ కంచర మళ్ళీ నీ ట్రెయిలరు ఎక్కుతుందా?”

ఆర్విడ్ ఆ పెట్టె మీంచి చెయ్యి తీశాడు. కంచర మరిచిపోదని అతనికి ఒకరు చెప్పాలా?

“రెండోది?”

“నువ్వు ఎంత తొక్కితే అదీ అంతే పట్టుకుంటుంది. బండి ముందుకు ఒరిగితే దానికి తెలుస్తుంది.”

“పెళ్ళాంలా అన్నమాట.”

“నాకేం తెలుసు, నేను చేసుకోలేదుగా.”

ఆర్విడ్ నవ్వబోయి దగ్గాడు. ఒకప్పుడు గుమ్మంలో నిలబడితే వెలుగు రానివ్వని మనిషి. ఇప్పుడు కోటు భుజాల మీద నిలవక వేలాడుతోంది, పెదవులకు నేరేడుపండు మరకలాంటి నలుపు వచ్చింది. ఊపిరి అందనప్పుడల్లా ట్రెయిలరు పలకకు ఆనుకుని కంచరలతో మాట్లాడుతున్నట్టు నటిస్తున్నాడు. అవి చెవులు తిప్పి వింటున్నాయి. వాటికి తెలుసు, లైల్‌కు తెలుసు, ఎవరూ అనరు.

లైల్ మళ్ళీ లోపలికి దూరాడు. నీలం తీగను ఇంజనుకూ సీట్లకూ మధ్యనున్న ఇనపగోడ బెజ్జంలోంచి అవతలికి, అక్కడినుంచి చాసిస్ వెంబడి వెనక్కి లాగాడు. బ్రేకు దీపం తీగను పట్టుకుని కలిపాడు. ఇక పెట్టె బిగించాలి. దానికి చోటు ఎప్పుడూ ఒకటే, తోలేవాడి కుడి మోకాలి పైన. పెట్టె అంచున ఒక మీట ఉంటుంది. ట్రెయిలరు తోక ఊపినప్పుడు పెడలు ముట్టుకోకుండా ఆ మీటొక్కటి నొక్కితే, వెనక బండి ఒక్కటే బ్రేకు పడి ముందు బండిని పట్టి నిలుపుతుంది. అందుకే కళ్ళు మూసుకున్నా చెయ్యి పోయే చోట పెడతారు.

లైల్ డ్రిల్లు అక్కడ ఆనించి, ఆగాడు. పక్క సీటు వైపు చూశాడు. తర్వాత డ్రిల్లును జరిపి, రేడియో కింద, సరిగ్గా నడిమధ్యన బెజ్జం వేశాడు.

“అదేమిట్రా!” ఆర్విడ్ తల లోపలికి పెట్టాడు. “ఊరందరికీ మోకాలి దగ్గర పెట్టి నాకు పక్క జిల్లాలో పెట్టావేం?”

“నీ మోకాలు తగిలి ఊరికే బ్రేకు పడుతుంది.”

“ఇన్నేళ్ళలో నా మోకాలు దేనికీ తగల్లేదు.”

“ఇన్నేళ్ళూ నీ బండికి బ్రేకే లేదుగా.”

ఆర్విడ్ ఆ పెట్టెను చూశాడు, పక్క సీటును చూశాడు, తమ్ముడిని చూశాడు. “మొండివాడు రాజుకంటే బలవంతుడు. కానియ్” అని పక్కకి తిరిగాడు.

షెడ్డు ముందు గులకరాళ్ళ మీద ఒక చుట్టు తిప్పారు. ఆర్విడ్ మీట నొక్కగానే ట్రెయిలరు చక్రాలు బిగుసుకుని రాళ్ళమీద గీతలు పెట్టాయి.

“చూశావా, అద్భుతం. ఇక వెళ్తా.”

“వెళ్ళవు. గులకమీద చక్రం ఊరికే జారుతుంది. ఇక్కడ చాలింది గదా అనుకుని పోయినవాళ్ళు తారు రోడ్డు మీద బోర్లాపడ్డారు. నడు, తారు మీదకి.”

ఆ చుట్టుపక్కల అందరి ముంగిళ్ళూ గులకే గనక, అందరూ చేసే పొరపాటే అది. లైల్ అతన్ని కొండదారి మొదటిదాకా లాక్కుపోయి, కంచరలు ఎక్కి ఉండగానే మీట నొక్కించి, మీట పక్కన పట్టు పెంచి తగ్గించే చిన్న మర తిప్పి, మళ్ళీ నొక్కించి, ఇంకాస్త తిప్పి, చివరికి చక్రం బిగుసుకోకుండా బండి మెత్తగా వెనక్కి లాగిన చోట ఆపాడు. కుదిరింది. ఇక దిగిపోవాలి. అతను దిగలేదు.

“ఏరా?”

“నేనూ వస్తాను. పైన చలికి పట్టు మారుతుంది. సరిచెయ్యాలి.”

“నువ్వా? ఆ కొండ అవతలికా?”

లైల్ ఆ పక్క కొండ దిగి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ తెలుసు. వాళ్ళ నాన్న ఉన్న రోజుల్లో, వెనక బ్రేకులేని గడ్డిబండి, స్టీరింగు దగ్గర మీసాలు కూడా సరిగా రాని ఆర్విడ్, మధ్యలో లైల్, ఆ చివర నాన్న. లోయలోకి దిగుతుంటే గడ్డిబండి వెనకనుంచి నెట్టడం మొదలుపెట్టింది. ఆంబోతు కుమ్మినట్టు నెట్టింది. నాన్న చెయ్యి చాపి స్టీరింగును కొండగోడకేసి తిప్పేశాడు. ప్రాణాలు దక్కాయి, లైల్ తుంటి దక్కలేదు. కుంటివాడు పశువుల వెంట ఏం పరుగెడతాడని పొలం అన్నకు పోయింది, తమ్ముడు ఊళ్ళోకి వచ్చి బళ్ళకింద దూరాడు. ఆ సంగతి వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు. ప్రతి చలికాలమూ ఆర్విడ్ దుప్పిమాంసం తెచ్చి లైల్ గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయేవాడు. అతనికి వచ్చిన మాట అదొక్కటే.

“బెల్టు పెట్టుకో” అన్నాడు ఆర్విడ్.

కొండ ఎక్కినంతసేపూ లైల్ రోడ్డు చూడలేదు. అన్న ఛాతీనే చూశాడు. కోటు గుండీ పైకి లేచి, దిగి, కొంతసేపు ఆగి, మళ్ళీ లేస్తోంది. అది ఆగినప్పుడల్లా లైల్ ఊపిరీ ఆగింది.

“నా మొహాన ఏమైనా సినిమా ఆడుతోందా?”

“లేదు.”

“అయితే కిటికీలోంచి చూడు. డబ్బులివ్వక్కర్లేదు.”

కొండమీద, దారి వంగేముందు ఆపారు. పైన్ చెట్లమీద అప్పుడే పడిన మంచు. ఆర్విడ్ దిగి ట్రెయిలరు చుట్టూ తిరిగి, చేతితొడుగు ఒకటి తీసి, ఒక్కొక్క చక్రం మధ్యన వట్టి అరచెయ్యి ఆనించి చూశాడు. అన్నీ ఒకేలా, జ్వరం తగ్గుతున్న పిల్లాడి నుదురులా గోరువెచ్చగా ఉన్నాయి. అంటే నాలుగు బ్రేకులూ సమంగా పనిచేస్తున్నాయి. పలకల సందులోంచి పెర్ల్ మూతిని గోకి, దాని చెవిలో ఏదో అన్నాడు. చాలాసేపే అన్నాడు. మళ్ళీ ఎక్కి కూచునేసరికి అతని నుదుట చెమట పట్టింది.

“అన్నయ్యా, ఇక్కణ్ణుంచి నేను తోలనా?”

“తోలవు.” రెండో గేరు వేశాడు. కాస్త దూరం దిగాక, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు, “ఆ మీట ఎవరి చేతికి అందేలా బిగించావో నాకు తెలీలేదనుకున్నావురా?”

లైల్ అతని వైపు తిరిగాడు. “మరి తెలిసీ...”

“తెలిసే తోలుతున్నా. మంచి పనే చేశావు. నోరు మూసుకుని కూచో.”

దారి ఎడమకు తిరిగింది. కుడివైపు కొండ తప్పుకుని లోయ తెరుచుకుంది, అడుగున ఏరు దారప్పోగంత కనబడుతోంది. ఆర్విడ్ పెడలు తొక్కినప్పుడల్లా వెనక బండి బుద్ధిగా తనూ ఆగుతోంది. ఇంకో మలుపు. అతను పెదవులు బిగించి ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం మధ్యలో ఆగింది. తల మెల్లగా, కునుకు పట్టినవాడిలా, కిటికీ అద్దానికి ఆనింది. అంతే.

“అన్నయ్యా?”

బూటు బరువంతా గ్యాసు పెడలు మీద పడింది. ఇంజను గుర్రుమంది. బండి కుడివైపుకు, లోయవైపుకు మళ్ళింది.

లైల్ ఎడమచేత్తో స్టీరింగు పట్టి లాగాడు. కుడిచెయ్యి మీటమీదికి పోయింది. ఒళ్ళంతా గట్టిగా నొక్కు, గట్టిగా నొక్కు అని అరుస్తోంది. గట్టిగా నొక్కితే చక్రాలు బిగుసుకుని ట్రెయిలరు అడ్డం తిరుగుతుంది, కంచరలతో సహా అందరూ ఏట్లోకే. ఊరందరికీ తను చెప్పే మాట తనకే చెప్పుకున్నాడు: పాలు పితికినట్టు నొక్కాలి, పొదుగు నొప్పెట్టకుండా. నొక్కాడు. వెనకనుంచి పెద్ద చెయ్యి ఒకటి కాలరు పట్టుకున్నట్టు బండి వెనక్కి లాగింది. ఇంజను ముందుకు, ట్రెయిలరు వెనక్కి. మధ్యలో లైల్. మోకాలితో అన్న కాలిని గ్యాసుమీంచి తోశాడు. ఇంకాస్త నొక్కాడు. చక్రం అంచు తెల్లగీత దాటి మన్నుమీద కరకరమంది. స్టీరింగు కొండవైపుకు తిప్పాడు. ఇంకాస్త నొక్కాడు. బండి వణికి, ఇంజను దగ్గి, ఆగిపోయింది.

వెనక ఒక గిట్ట ఒకసారి తట్టింది. పడ్డ చప్పుడు లేదు.

అప్పుడు తెలిసింది, చెయ్యి తియ్యడానికి లేదని. నిలిపివుంచే బ్రేకు ఆర్విడ్ ఎడమకాలి దగ్గర ఉంది, లైల్‌కు అందదు. రోడ్డు వాలుగా ఉంది. మీట వదిలితే గేరొక్కటే ఆ బరువును ఆపుతుందో లేదో పరీక్ష చేసే చోటు కాదది. కుడిచెయ్యి అలాగే ఉంచి, ఎడమచేతి వేళ్ళు అన్న మెడమీద పెట్టాడు. వెచ్చగానే ఉంది. కొట్టుకోవడం లేదు. ఛాతీమీద పెట్టాడు. దారంతా తను లెక్కపెడుతూ వచ్చిన గుండీ ఇక లేవలేదు.

“కంచరలు నిలబడే ఉన్నాయి అన్నయ్యా” అన్నాడు. “రెండూ నిలబడే ఉన్నాయి.”

ఇంకేం చెప్పాలో తోచక అదేమాట మళ్ళీ మళ్ళీ చెబుతూ, ఎడమచేత్తో అన్న చెయ్యి పట్టుకుని కూచున్నాడు. పెద్దయ్యాక ఆ చెయ్యి అతను పట్టుకోవడం అదే మొదలు. మంచు అద్దమంతా కప్పేసింది.

చాలాసేపటికి కంకర లారీ ఒకటి కిందినుంచి మూలుగుతూ వచ్చి ఎదురుగా ఆగింది. డీనా అనే లారీ మనిషి దిగి, అద్దంమీద మంచు తుడిచి లోపలికి చూసింది.

“లైల్? నువ్వేంటి ఈ పక్క? ... అయ్యో దేవుడా. ఆర్విడా?”

“చక్రాలకింద రాళ్ళు పెట్టమ్మా. ముందు ట్రెయిలరుకి.”

ఆమె పెద్దరాళ్ళు దొర్లించుకొచ్చి పెట్టింది. తలుపు తెరిచి, ఆర్విడ్ ఒరగకుండా భుజంతో ఆనుకుని, అతని కాలి పక్కనున్న బ్రేకు తొక్కింది.

“ఇక వదిలెయ్ లైల్.”

“వదుల్తున్నా.”

వేళ్ళు రాలేదు. ఆమె ఒక్కొక్క వేలూ విప్పి, రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. “కారిన్‌కి నేను చెప్పనా?”

“వద్దు. నేను చెబుతా. నాన్నే తోలాడని చెబుతా.”

లైల్ దిగి, బండి పలక పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెనక్కి నడిచాడు. పెర్ల్, డాట్ రెండూ నాలుగేసి కాళ్ళమీద నిలబడి, ఒకే వైపు, ముందు బండి వైపు చెవులు పెట్టి చూస్తున్నాయి. వాటి ఊపిరి పలకల సందుల్లోంచి పొగలా వస్తోంది. చక్రంమీది రేకుకూ ట్రెయిలరు పలకకూ మధ్య సందులో, ఎవరో ఇప్పుడే తీసి మళ్ళీ వేసుకుందామని పెట్టినట్టు, అరచెయ్యి పైకి తిరిగి, వేళ్ళు కాస్త ముడుచుకుని, ఆర్విడ్ తోలు చేతితొడుగు ఒకటి ఉంది. అందులో మంచు మెల్లగా నిండుతోంది.