కనుమ కింద బస

మూడో రోజు కూడా వాన వెలియలేదు. కొండ కనుమకు ఈవల, దూరాలు నడిచేవాళ్ళు తలదాచుకోవడానికి రాళ్ళతో కట్టి రేకులు కప్పిన ఒంటి గది అది. నాలుగు చెక్క బల్లలు, జానెడు కిటికీ, గోడలకు మేకులు. ఆ మేకులకు వేలాడుతున్న మేజోళ్ళు ఆరలేదు సరికదా, కంపు మాత్రం రోజురోజుకీ ముదురుతోంది. రేకుల మీద వాన హోరుకి మాట వినబడాలంటే అరవాలి. అరిచే ఓపిక ఎవరికీ లేదు.

డ్రైవరు గోడకు జారగిలబడి తన పాదాల వంక చూసుకుంటున్నాడు. ముప్ఫై రెండేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. అన్నేళ్ళూ ఆ కాళ్ళు చేసిన పనల్లా బ్రేకు, క్లచ్ తొక్కడమే. రిటైరై ఏడాది తిరిగిందో లేదో, వీపున పదమూడు కిలోల మూటతో నలభై రోజుల నడకకు బయలుదేరాడు. ఇవాళ పంతొమ్మిదో రోజు. ఎడమ బొటనవేలి గోరు నల్లబడి ఊడటానికి సిద్ధంగా ఉంది. పగలు కునుకు తీస్తున్నా పిక్కలు వాటంతటవే అదురుతున్నాయి.

ఎదురు బల్ల మీద బావమరిది అటు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, వడ్రంగి. ఆరు నెలల కిందట రంపం మిషను అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తీసుకుపోయింది. గాయం మానింది గానీ అతను మళ్ళీ షాపు తలుపు తియ్యలేదు. అప్పుడే డ్రైవరు భార్య ఈ నడక సంగతి ఎత్తింది. తమ్ముడు మనిషిలో లేడనీ, మీరు తోడుంటే తప్ప గడప దాటడనీ వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆవిడ మాట కాదనడం ఆయన వల్ల ఎప్పుడయింది గనక!

మూడో మనిషి లెక్కల టీచరు. యాభై దాటిన ఆవిడ, ఒంటరిగా నడుస్తోంది. వాన మొదలైన రోజున వీళ్ళకంటే గంట ముందు ఈ గదికి చేరింది. మడమ మీద పొక్కు చితికి చీము పట్టింది. నిన్నటి నుంచి జ్వరం. అయినా కనుమ దాటి తీరతానంటుంది. సగంలో వదిలేసిన లెక్కకు మార్కులుండవని ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పిందట. మా వాడి టీచర్లు స్టెప్పులకి కూడా మార్కులేసేవాళ్ళమ్మా అని డ్రైవరు అంటే, అందుకే మీవాడికి లెక్కలు రాలేదని కొట్టిపారేసింది.

మధ్యాహ్నం మిగిలిన నూడుల్స్‌లో రెండు పొట్లాలు ముగ్గురూ పంచుకు తిన్నారు. తిన్నాక టీచరు ఉన్నట్టుండి లేచి బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. వాచిన పాదం బూటులోకి దూరడం లేదు. పళ్ళు బిగించి తోస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. బయట చూస్తే పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. డ్రైవరు కుంటుకుంటూ వెళ్ళి తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు.

"అమ్మా, బండి తీయకపోతే యాభై మంది తిడతారు. తీయకూడనప్పుడు తీస్తే యాభై ఇళ్ళలో ఏడుస్తారు. నేను తిట్లే తిన్నాను."

"మీకేం అన్నయ్యా, మీరిద్దరూ ఒకరికొకరున్నారు. నేను వెనక్కి పోతే, మేం ముందే చెప్పాం కదా అనడానికి స్టాఫ్ రూమంతా కాచుక్కూర్చుంది."

ఆవిడను ఊరడించాలనుకున్నాడు. బావమరిది నిద్రలో ఉన్నాడన్న ధైర్యం ఒకటి. కానీ వాన హోరులో గుట్టుగా చెప్పడం ఎలా కుదురుతుంది? గొంతు పెంచే చెప్పాడు.

"నడక మొదలెట్టిన నాలుగో రోజు నుంచే నాకు ఇంటికి పోవాలనుందమ్మా. వాడి కోసం ఈడుస్తున్నాను ఈ కాళ్ళని."

బావమరిది లేచి కూర్చున్నాడు. నిద్రపోయిన ముఖం కాదది.

"ఎవరి కోసం బావా?"

ఇక దాచి లాభం లేదు. అక్క చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు డ్రైవరు. బావమరిది బల్ల అంచుకు జరిగి కాళ్ళు కిందికి వేశాడు.

"నాతోనూ అదే అంది. రిటైరయ్యాక బావ మనిషిలో లేడురా, నువ్వు తోడుంటే తప్ప గడప దాటడు అని. అందుకని నీ అడుగులో అడుగేసుకుంటూ, నువ్వు ఆగిన చోటల్లా ఆగుతూ చస్తున్నాను నేను."

ముందు నవ్వింది టీచరు. జ్వరపు నవ్వు, ఆగక దగ్గులోకి దిగింది. "ఇద్దరి పేపర్లలో ఒకటే జవాబు. కాపీ కొట్టించింది మీ ఆవిడే" అంది. డ్రైవరుకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. పంతొమ్మిది రోజుల అలసట ఒక్కసారిగా నడుము మీదకు వచ్చి కూర్చున్నట్టయింది. అయితే పోదాం పద, ఇద్దరం దిగిపోదాం అన్నాడు.

బావమరిది తల అడ్డంగా ఊపాడు. "నువ్వు దిగు బావా. నేను దాటతాను. ఇంటికొస్తే షాపు తాళం నా మొహాన్నే వేలాడుతూ ఉంటుంది. ఇక్కడైతే పొద్దున లేచి నడిస్తే చాలు, ఇంకేమీ అడగరు. ఇంకో ఇరవై రోజులు అట్లా ఉండనీ నన్ను."

తన నడక అతనికి భారమైందన్న మాట డ్రైవరుకు గుచ్చుకుంది. అయినా అడ్డు చెప్పలేదు. ప్రమాదం జరిగినప్పటి నుంచీ వాడు ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి.

టీచరు తన పాదం వంక చూసుకుంది. "మీరు దిగేది నిజంగానేనా, నాకు తోడు కోసమా?" అని అడిగింది.

"ఈసారికి నా కోసమేనమ్మా" అన్నాడు. ఆవిడ బ్యాగులోంచి తువ్వాలు తీసి మళ్ళీ మేకుకు తగిలించింది. ఆ పూటకు అదే ఒప్పుకోవడం.

నాలుగో రోజు పొద్దుటికి వాన తుంపరగా మారి, కాసేపటికి అదీ ఆగింది. మబ్బు లేచి కనుమ దాకా దారి బయటపడింది. బావమరిది టీచరు బూటు అడిగి తీసుకుని, మడమ భాగాన్ని చాకుతో కోసి పారేశాడు. కొత్త బూట్లని ఆవిడ గొణిగింది గానీ పాదం పట్టింది. డ్రైవరు స్టౌ, బిస్కెట్లు అతని బ్యాగులో కూరాడు. అక్కతో ఏం చెప్పాలో ఇద్దరూ తేల్చుకోలేకపోయారు. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్, తిట్లు సగం నా కోసం అట్టేపెట్టు అన్నాడు బావమరిది. పైకి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అతని నడకలో వేగం చూసి డ్రైవరు ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్ళూ ఎంత అణచుకుని నడిచాడో!

దిగడానికి రెండు రోజులు పట్టింది. టీచరు బ్యాగు తన ఛాతీకి తగిలించుకుని, ఇరవై అడుగులకోసారి ఆగుతూ దిగాడు డ్రైవరు. ఎవరూ తొందరపెట్టలేదు. రోడ్డు పక్క ఊళ్ళో ఆసుపత్రికి చేరేసరికి ఆవిడకు ఒళ్ళు కాలిపోతోంది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కాలికే ముప్పు వచ్చేదని డాక్టరు కోప్పడ్డాడు. ఆవిడ స్కూల్లో పిల్లలా తలొంచుకుని విన్నది.

బయట వరండాలో బెంచీ ఖాళీగా ఉంది. భార్యకు ఫోను చేయాలనుకుంటూ డ్రైవరు కూర్చున్నాడు. బూట్ల ముడులు కూడా విప్పకుండానే, టీచరు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. నేల తుడవడానికి వచ్చిన ఆయా లేపబోయి, ఆ ముఖం చూసి, బెంచీ చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.