అరచేయంత చోటు

తడి మట్టిముద్ద గోడమీద పడిన చప్పుడు — తప్.

కాసేపాగి మళ్లీ — తప్.

ఆ చప్పుడు మట్టిది కాదని పక్కింటి లామిసి అందట. సజ్జలు నూరే చోట ఒకామెతో అంటే, ఆ ఒకామె బోరింగు దగ్గర అందరితోనూ అందట. "రోజుకో వరస లేపాల్సిన గోడ, మూడ్రోజులకో వరస లేపుతున్నాడమ్మా ఆ అదుకో. మట్టి ఆరలేదంటాడు. ఈ ఎండకి బండలే పగుల్తుంటే మట్టి ఆరదా? ఆరనిది మట్టి కాదులే!"

నవ్వులు.

అయింపోకా నెత్తిమీద నిండుకుండతో ఆ నవ్వుల మధ్యనించే నడిచి వచ్చింది. చుక్క తొణకలేదు.

చెవులు మాత్రం కాలాయి.

సిరిగు ఊళ్లో గోడ లేపేది మగవాళ్లు. దానికి మొహం దిద్దేది ఆడవాళ్లు. ఈ ఏడు లేస్తున్న గది ఆమె అన్న కోసం. అందులోకి రాబోయే కోడలు ఎవరో ఇంకా తెలియదు. గోడ మాత్రం అయింపోకాది. పద్దెనిమిదేళ్లకి, ఆమె చేతికింద పదకొండు మంది ఆడవాళ్లు పనిచేసే మొదటి గోడ.

ఊళ్లో గోడలకి పెద్ద, అయింపోకా అవ్వ. కళ్లకి పొర కమ్మింది. అయినా ఆమె కొంగు ముడిలో ఇంకా ఉంది — నున్నరాయి. గోడల్ని నునుపుచేసీ చేసీ తనే గుడ్డులా నునుపెక్కిన రాయి. అవ్వకి వాళ్లమ్మ ఇచ్చింది. ఆమెకి వాళ్లమ్మ. దిద్దిన గోడని అవ్వ ఈ చివర నుంచి ఆ చివరదాకా చేత్తో తడుముతుంది. ఎక్కడా గరుకు తగలకపోతే రాయి చెయ్యి మారుతుంది.

తగిలితే ముడిలోనే.

వానలు దిగేలోపు గోడ లేవాలి. ఆరాలి. మెత్తాలి. దిద్దాలి.

గోడ లేపుతున్న, ఇరవై నిండని అదుకో మాత్రం, మట్టిని ఉయ్యాల్లో బిడ్డలా చూసుకుంటున్నాడు.

నీళ్లు మోసేది ఆమె. మట్టి తొక్కేది అతను. రోజూ ఒకే మాట, తల ఎత్తకుండా — "ఇంకో కుండ కావాలి."

రోజూ ఇంకో కుండ.

ఆ నడక ఎంతసేపు... బోరింగు నుంచి గోడదాకా, గోడ నుంచి బోరింగుదాకా. అతను చూస్తాడని కాదు. కానీ మెడ నిటారుగా ఉండేది. చూడడనీ కాదు. చుట్టకుదురు కొత్తది చుట్టుకుంది.

బోరింగు దగ్గర లామిసి మాట విన్న రోజు మాత్రం కుండ దించి నిలబడింది.

"ఇంకో కుండ..."

"బురదలో కప్పలు ఈదుతున్నాయి. ఇంకా చాల్లేదా? ఇది గోడా, చెరువా? ఈపాటికి మీ తాతయితే ఊరే లేపుండేవాడు."

అదుకో మొదటిసారి తల ఎత్తాడు.

మర్నాడు ఒక్క రోజులో రెండు వరసలు లేపాడు.

తప్ తప్ తప్ తప్ — ఊపిరి లేని చప్పుడు.

పొద్దు వాలేసరికి గోడ, చూలు మేక పొట్టలా ముందుకొచ్చింది. అవ్వ వచ్చింది. బొటనవేలితో నొక్కింది. వేలు మొదలుదాకా దిగింది.

"ఎవర్ని చూసి కట్టావురా ఇది? మట్టిని చూసైతే కాదు."

ఇల్లంతా నవ్వింది. పిల్లలు నవ్వారు. లామిసి అయితే గోడ పట్టుకుని నవ్వబోయి, ఏ గోడో గుర్తొచ్చి చెయ్యి తీసుకుంది.

అదుకో నవ్వలేదు. ఎండ తక్కువనలేదు. నీళ్లు ఎక్కువనలేదు. తనని తరిమిన నోరు ఎవరిదో అందరిముందూ చెప్పొచ్చు —

చెప్పలేదు.

గునపం తీసుకుని, తను లేపిన రెండు వరసల్నీ తనే కూల్చుకున్నాడు. తల వంచకుండా.

అయింపోకా కుండ పట్టుకుని చూస్తూ నిలబడింది. ఇంత నిటారుగా ఒక మనిషి కిందపడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు, అడగకముందే రెండు కుండలు తెచ్చింది.

అక్కడినుంచి రోజుకో వరస. నిజంగానే రోజుకొకటి. ఒక వరస ఆరాలి, అప్పుడే ఇంకొకటి. తప్... ఆగి, తప్... రోజుకో మాట కూడా. ఒకరోజు "ఎండగా ఉంది." ఇంకొకరోజు "మీ అవ్వ వేలు గట్టిది." ఇంకొకరోజు ఏమీ లేదు. అదే ఎక్కువ.

ఆఖరి వరస పెట్టిన సాయంత్రం అదుకో ద్వారం పక్కన గోడని, ఎద్దు మెడ తట్టినట్టు ఒక్కటి తట్టి వెళ్లిపోయాడు.

అరచేయి గుర్తు ఉండిపోయింది.

ఆ మర్నాడు చప్పుడు లేదు. అయింపోకా బోరింగు దగ్గర రెండు కుండలు నింపింది. ఎవరికని? ఒకటి ఒంపేసింది.

ఆడవాళ్లు దిగారు. పేడా మట్టీ కలిపి గోడంతా మెత్తారు. కట్టినవాడి చేతి గుర్తు ఒక్కటి కూడా మిగలకూడదు, అది పద్ధతి. ద్వారం పక్క భాగం అయింపోకా తనే తీసుకుంది. ఎవరూ పట్టించుకోలేదు, ద్వారం పని, పనికి పెద్దే తీసుకుంటుంది గదా అనుకున్నారు.

ఎర్రమట్టి ఎరుపు. రాతిపొడి నలుపు. సుద్ద తెలుపు. గిన్నెకోడి ఈకతో గీతలు. పగిలిన సొరబుర్ర పెంకులు వరసలు వరసలుగా. ద్వారం చుట్టూ కొండచిలువ. ఆ కొండచిలువ ఒకచోట మాత్రం, ఎవరూ నేర్పని మెలిక తిరిగింది... గుడ్డుని చుట్టుకున్నట్టు.

తన చెయ్యి అక్కడ పెట్టి చూడలేదు. పెట్టకపోయినా కొలత తెలుసు.

రంగు నిలవడానికి, దవదవ చెట్టు కాయల పొట్టు ఉడికించిన కషాయం గోడమీద చల్లారు. గోడ మెరిసింది. తూర్పున మబ్బు లేచింది.

అవ్వ వచ్చింది. ఒక చేతిలో, ముడి విప్పి తీసిన రాయి. రెండో చెయ్యి గోడమీద. ఊరంతా చుట్టూ మూగింది. వేళ్లు సొరబుర్ర పెంకులమీద జారాయి. నునుపు. నలుపుమీద, తెలుపుమీద జారాయి. నునుపు. అయింపోకా వెన్ను తాడిచెట్టులా నిలిచింది. ఇది నా గోడ. ప్రతి జానెడూ నాది.

కొండచిలువ. మెలిక.

వేళ్లు ఆగాయి.

ఒక పల్లం. ఇంకొకటి. అయిదూ. గరుకు గరుకుగా.

"అయ్యయ్యో!" లామిసి ముందుకొచ్చింది. "ఇక్కడ మెత్తడం మరిచిపోయిందమ్మా పిల్ల! పోన్లే, అరచేయంత చోటేగా. ఒక్క ముద్ద పెట్టి రుద్దితే సరి. ఏమ్మా, మరిచిపోయావు కదూ? మరిచిపోయానని చెప్పు."

అవ్వ పిడికిలి రాతి చుట్టూ బిగిసింది. వేళ్లు ఆ అయిదు పల్లాల్లోనే ఉన్నాయి.

చేను అవతల ఎవరిదో కొత్త గోడ. తడి మట్టి — తప్.

కాసేపాగి — తప్.

"మరిచిపోలేదు లామిసత్తా," అంది అయింపోకా. "ఉంచాను."