మీసం కింది కుట్టు

ప్రొద్దుటూరు బట్టల బజారు వెనక సందులో భూషణ్ ఆర్ట్స్ అనే చిన్న అంగడి ఉంది. పోయినవాళ్ల బొమ్మలు గీయడంలో దానికి మంచి పేరు. కంప్యూటర్లో ఫోటో పెద్దది చేసిచ్చే స్టూడియోలు వీధికి మూడున్నా, వానకు తడిసిన ఫోటోలు, రేషను కార్డు మీద చెరిగిపోయిన మొహాలు పట్టుకుని జనం అక్కడికే పోతారు. గీసే మనిషిని అందరూ భూషణన్నా అని పిలుస్తారు. అతను పలుకుతాడు. కానీ అతని పేరు ఓబులేసు.

నాగభూషణం అన్నది కడప జైల్లో అతనికి పెన్సిల్ పట్టడం నేర్పిన డ్రాయింగు మాస్టారి పేరు. గురువు మీద భక్తితో పెట్టుకున్నానని ఓబులేసు తనకు తాను చెప్పుకుంటాడు. అందులో సగమే నిజం, మిగతా సగం భయం. పులివెందుల తట్టు ఓబులేసు అంటే యావజ్జీవం పడ్డ ఆరో ముద్దాయి అని గుర్తుపట్టేవాళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. చచ్చిపోయిన మాస్టారి పేరు కప్పుకుంటే అడిగేదెవరు?

మాస్టారు వారానికి రెండు రోజులు వచ్చేవాడు. ఫ్యాను కింద కూర్చోవచ్చని మొదట్లో ఓబులేసు ఆ గదికి పోయాడు. మూడో ఏడు, తోటి ఖైదీ ఒకడు చనిపోయిన తల్లి గుర్తులు చెబితే బొమ్మ గీశాడు. ఆ మనిషి కాగితం ముందు కూలబడి ఏడ్చాడు. తన చేతి వల్ల ఒకరు ఏడవడం ఓబులేసుకు కొత్త కాదు. ఏడ్చి, ఆ చేతికి దండం పెట్టడం కొత్త. ఆ రాత్రి నుంచి అతనికి బొమ్మ తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది.

"ముందు వట్టి మొహం గియ్యరా. మీసం చివర్లో. మీసం మనిషి పెట్టుకునేది, మొహం పుట్టుకతో వచ్చేది" అనేవాడు మాస్టారు. ఓబులేసు ఇప్పటికీ అట్లే గీస్తాడు.

పెద్దల అమావాస్యకు పది రోజుల ముందు ఒక ఆడపిల్ల అంగడికి వచ్చింది. పేరు ప్రసూన, జమ్మలమడుగులో ప్రైవేటు బడిలో టీచరు.

"మా నాయన బొమ్మ కావాలన్నా. మొగం నాకు గుర్తు లేదు, ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆయన్ను సంపిన వారానికే మా ఇల్లు కాల్చిరి. ప్రతి అమావాస్యకు మా అమ్మ వట్టి గోడ ముందర బట్టలు పెడ్తాది, అన్నం పెడ్తాది. నాకు చూడబుద్ధి కాదు."

"పేరేందమ్మా?"

"పుల్లయ్య. పెద్దముడియం పక్కన పల్లె మాది."

ఓబులేసు చేతిలో పెన్సిల్ కింద పడింది. వంగి తీసుకునే వంకతో కాసేపు బల్ల కిందే ఉండిపోయాడు.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. అతను పుల్లయ్యను ఎరగడు, పగ అంతకన్నా లేదు. ఒక పెద్దమనిషి కూడు తిన్నాడు, ఆ పెద్దమనిషి పిలిస్తే జీపు ఎక్కాడు. మిగతావాళ్లు కొడవళ్లు పట్టుకున్నారు. పుల్లయ్య అరవకుండా నోరు మూసే పని ఓబులేసుది. కుడి అరచేత్తో మూశాడు. ఆ అరచెయ్యి కింద పై పెదవి మధ్యలో గట్టిగా ఏదో తగిలింది. పుట్టుకతో చీలిన పెదవికి ఎప్పుడో చిన్నప్పుడు వేసిన కుట్టు. మీసం కింద దాగిన గుర్తు. పద్నాలుగేళ్లు జైల్లో ఉన్నా ఆ గరుకు అరచేతిని వదల్లేదు. అన్నం కలుపుకున్నా తగిలేది.

ఫోటో లేకుండా కుదరదని ప్రసూనతో చెప్పి పంపేయవచ్చు. చెప్పలేదు. బొమ్మ గీసిస్తే రుణం కొంచెం తీరుతుందనుకున్నాడు. పాపం చేసినవాడికి పుణ్యం అంత చవగ్గా దొరుకుతుంటే ఎవడు మాత్రం వద్దంటాడు!

"సోమవారం మా అమ్మను పిల్సుకొస్తా. గుర్తులు చెప్తాది" అని ప్రసూన పోయింది.

సోమవారం దాకా ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేకపోయాడు. శనివారం పొద్దున్నే కాగితం బిగించి కూర్చున్నాడు. గుర్తులు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి, పెదవి వచ్చింది. మాస్టారు చెప్పినట్టు వట్టి మొహం, మీసం లేదు. ఆదివారం మధ్యాహ్నానికి బొమ్మలో పుల్లయ్య అతన్నే చూస్తున్నాడు. ఓబులేసుకు గర్వం కలిగింది. కలిగినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఏమప్పా, బొమ్మలేసేది నువ్వేనా?"

గడపలో అరవై ఏళ్ల ఆడమనిషి. "నేను నాగేంద్రమ్మను, ప్రసూన వాళ్లమ్మను. అమావాస్యకు పంచె తీసుకుందామని ఈ పొద్దే వస్తిమి. పాప బట్టల అంగట్లో ఉండాది. నేను ముందర..."

ఆమె బొమ్మను చూసింది. దగ్గరికి వచ్చి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. వేలు ఎత్తి, తాకకుండా, ఆ పెదవి మీద ఆపింది.

"నేనింగా గుర్తులే చెప్పలేదు గదప్పా."

ఓబులేసు పెన్సిల్ బల్ల మీద పెట్టాడు.

"నా బిడ్డ కూడా ఎరగదు ఈ కుట్టు. మీసం తియ్యమంటే తీసేటోడు కాదు ఆ మనిషి, సిగ్గుపడేటోడు. నీకెట్ల తెల్సు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఊళ్లో ఎవరో చెప్పారంటే చాలు. కానీ ఆ బొమ్మ ముందు నోరు రాలేదు.

"చేతికి తగిలిందమ్మా" అన్నాడు, కుడి చెయ్యి చూసుకుంటూ. "నేను ఓబులేసును."

నాగేంద్రమ్మ తిట్టలేదు, కేకలు పెట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. బొమ్మతోనే అన్నట్టుగా మాట్లాడింది.

"నేను మర్సిపోయినా. ఏండ్ల నుంచీ మొగం గుర్తుకు రాక వట్టి గోడకు మొక్కుతాండా. పాపకేం గుర్తులు చెప్పాల్నో తెలీక దారి పొడుగునా భయపడ్తా వస్తి. కట్టుకున్నదానికి గుర్తు లేదు, సంపినోనికి ఉండాది. ఇదేం న్యాయమప్పా!"

 

"మీసం పెట్టు" అంది ఆమె చివరికి. "ఆయప్ప కోరుకున్నట్టే పెట్టు."

పెట్టాడు. ఒక్కొక్క వెంట్రుకా గీస్తూ కుట్టును కప్పేశాడు. ఆమె చూస్తూనే ఉంది.

"కింద ఎవరి పేరు రాస్తావు? బయట బోర్డు మీదుండేదా? వాళ్ల నాయన్ను సంపిన ఎనిమిది మంది పేర్లూ మా పాపకు వరసగా ఎక్కాలొచ్చినట్టు వస్తాయి. రాసేది, రాయనిది నీ ఇష్టం."

అప్పుడే బట్టల సంచితో ప్రసూన వచ్చింది. బొమ్మను చూసి నిలబడిపోయింది. "అమ్మా, ఈయనేనా?"

"ఈయనే."

ప్రసూన ఏడుస్తూ నవ్వుతూ ఓబులేసు కుడి చేతిని పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "ఈ చేతికి ఎంత దండం పెట్టినా తక్కువే అన్నా!"

నిప్పు తగిలినట్టు అతను చెయ్యి లాక్కున్నాడు. పెన్సిల్ తీసుకుని, బొమ్మ కింద మూలన, ఎప్పుడూ భూషణ్ అని రాసే చోట, పెద్ద అక్షరాలతో రాశాడు: ఓబులేసు, పులివెందుల.

ప్రసూన చదివింది. తల్లి వైపు చూసింది. తల్లి తల దించుకుంది.

"ఆరో పేరు" అంది ప్రసూన.

"అవునమ్మా."

ఆమె పైటచెంగుతో కళ్లు గట్టిగా రుద్దుకుంది. అతని చెయ్యి తగిలిన చోటల్లా రుద్దుకుంది. బొమ్మను తీసి, కొత్త పంచెలో చుట్టి, రెండు చేతులతో ఎత్తుకుంది. గడప దాటబోయి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆ పొద్దు... మా నాయన కడసారిగా ఏమన్నా అన్న్యాడా?"

ఓబులేసు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"నేను అననియ్యలేదమ్మా" అన్నాడు.