పైడమ్మ లాగని తెర

నేను ఒక తెరను. బొమ్మ పడే తెల్ల తెరను కాను, అంత వైభోగం నాకెక్కడిది! రాజాం దగ్గర ఒక రేకుల సినిమా హాల్లో, ఆడవాళ్ళ బెంచీల ముందు వేలాడిన నీలం గుడ్డను. ముతక నూలుతో నన్ను నేసినవాడు దుప్పటినవుతాననుకున్నాడు. హాలు యజమాని గున్నం నాయుడు కొని, అడుగున మడత కుట్టించి, ఇనుప తీగకు ఎక్కించాడు.

నా ఉద్యోగం వింటే నవ్వుతారు. దీపాలు ఆరగానే నన్ను పక్కకు లాగాలి, ఆడవాళ్ళు బొమ్మ చూడాలి. దీపాలు వెలిగేలోపు మూసెయ్యాలి, మగవాళ్ళు ఆడవాళ్ళను చూడకూడదు. చీకట్లో పోని పరువు వెలుతురులో పోతుందట! నా తాడు లాగే హక్కు ఒక్క పైడమ్మది. ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపేదీ ఆమే. ఇంకో ఆడది నా మీద చెయ్యి వేస్తే మర్యాద తక్కువ.

ఆ రోజు మ్యాట్నీకి నలుపు తెలుపు డిటెక్టివు బొమ్మ. బంగళాలో జమీందారును ఎవరో చంపారు. టోపీ పెట్టుకున్న డిటెక్టివు సిగరెట్టు వెలిగించి ఒక్కొక్కరి ముఖంలోకి గుచ్చి చూస్తాడు. డాక్టరు కళ్ళజోడు తుడుచుకుంటే నా వెనక బెంచీలన్నీ “ఈడేనే!” అన్నాయి. మేనల్లుడు మెట్లు దిగితే “కాదే, ఈడు! ఆ నడక సూడు!” అన్నాయి. పోలీసులు మాత్రం వంటవాణ్ణి పట్టుకుని బాదారు. బెంచీల మీద ముక్కులు చీదడం మొదలైంది. “పేదోడని గదా ఆడి మీద పడినారు!” అని అందరికంటే గట్టిగా ఏడ్చింది రైసు మిల్లు వారి రత్నాంబ.

ఇంటర్వెల్‌కి పైడమ్మ నన్ను మూసింది. దీపాలు వెలిగాయి. మగవాళ్ళ వైపు కూర్చున్న మొగుడు ఎవరితో నవ్వుతున్నాడో చూద్దామని రత్నాంబ వంగి, నా అడుగు అంచు ఎత్తి తల దూర్చింది. ఆ అనుమానం బొమ్మది కాదు, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నది. తల వెనక్కి లాక్కునేటప్పుడు ఆమె చెవి జూకా నా అంచున విడిన కుట్టుకు తగులుకుని ఊడింది, మడతలోకి జారింది. ఆమె చూసుకోలేదు. నాకు తెలుసు గానీ నోరు లేదు.

కాసేపటికి చెవి తడుముకుంది. “ఓలమ్మో, నా జూకా!”

ఇంకేముంది, ప్రతి ఆడదీ ఒక డిటెక్టివు. “బెంచీల మద్దిన తిరిగినదెవరు?” “తాడు లాగనానికి మన పక్కనే నిలబడినదెవరు?” “ఆ సూపు సూడు!” వంటవాడి కోసం ఏడ్చిన కళ్ళు ఇంకా ఆరనేలేదు. అందరూ పైడమ్మ మీద పడ్డారు. కొప్పు విప్పించారు. రొంటి సంచి దులిపారు. తమలపాకులు, చింపిన టికెట్ ముక్కలు రాలాయి.

“నాను మీ బెంచీ దరికే రానేదు తల్లీ” అంది పైడమ్మ, జుట్టు ముఖం మీద పడుతుంటే.

“మింగీసిందేమో! ఇలాటోళ్ళకి అదీ సేతనవును” అంది రత్నాంబ.

గున్నం నాయుడు వచ్చాడు. విన్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. “బొమ్మయ్యాక పోలీసుల్ని పిలుస్తాను. ఈలోగా నువ్వు తెర లాగు” అన్నాడు.

పైడమ్మ తాడు చేతికి చుట్టుకుని నేల మీద చతికిలబడింది. “దొంగ సేత తెర లాగిస్తే మీ ఆడోళ్ళ పరువేటవుతాది బాబూ? నాను లాగను.”

దీపాలు ఆరాయి. బొమ్మ మొదలైంది. నా వెనక బెంచీలకు కనబడేది నేనే, నీలంగా. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. తలుపు చప్పుడు, బూట్ల నడక, ఎవరిదో కేక. “ఎవరే అది? డాక్టరేటి?” అని గుంజాటన. నాయుడు బతిమాలాడు, తిట్టాడు. పైడమ్మ కదల్లేదు. చివరకు డిటెక్టివు “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు” అనగానే మర్యాద సంగతి అందరూ మరిచిపోయారు. అన్ని చేతులూ కలిసి నన్ను గుంజాయి. తీగ తెగింది. నేను కుప్పగా కూలాను. జూకా నాలోంచి జారి గచ్చు మీద టంగున మోగింది.

రత్నాంబ దాన్ని తీసి చెవికి పెట్టుకుంది. “సరేలేవే, దొరికింది గదా. అడ్డు లే పైడమ్మా, అసలోడు దొరికిపోతన్నాడు!”

పైడమ్మ లేచింది. పక్కకు పోవడానికి కాదు. విప్పిన కొప్పు ముడవకుండానే, రత్నాంబ ముఖానికి ఎదురుగా, బొమ్మకు అడ్డంగా నిలబడింది. “దొంగనన్న నోటితోనే కాదని అను. అందరికీ ఇనబడాల.”

“తప్పుకో!”

“అను.”

“అనీవే రత్నాంబా, బొమ్మయిపోతాది!” అని బెంచీలన్నీ అరిచాయి. న్యాయం కోసం కాదు లెండి, హంతకుడి కోసం.

“దొంగవి కావు” అంది రత్నాంబ, గొణిగినట్టు.

“ఇనబళ్ళేదు.”

“దొంగవి కావే తల్లీ, కావు!”

పైడమ్మ తప్పుకుంది. తెల్ల తెర మీద అప్పటికే ‘శుభం’ పడింది.

మర్నాటి మ్యాట్నీకి ఆ ఆడవాళ్ళంతా మళ్ళీ టికెట్లు కొన్నారు. నన్ను తిరిగి కట్టే తీరిక నాయుడికి దొరకలేదు. దీపాలు వెలిగినా ఎవరి పరువూ పోలేదు, నేను లేకపోయినా. పైడమ్మ ఉద్యోగం మానేసి, పోతూ పోతూ నన్ను చంకన పెట్టుకుపోయింది. అడ్డగించే ధైర్యం నాయుడికి లేదు.

ఇప్పుడు ఆమె గుమ్మానికి వేలాడుతున్నాను. ఆ బొమ్మ ఆమె మళ్ళీ చూడలేదు. ఇంతకీ జమీందారును చంపిందెవరని వీధిలో ఎవరైనా అడిగితే, నన్ను పక్కకు తోసి బయటికొచ్చి చెబుతుంది: “ఎవుడైతే నాకేటి? నాను కాదు గదా!”