రోందినెకు ఆఖరి పూత

ఫెర్మో వంటింటి తొట్టి దగ్గర నిలబడి ముంజేతుల మీది వెంట్రుకలు గొరుక్కుంటున్నాడు. గడ్డం అయిపోయింది. ఎడమచేయి అయిపోయింది. కుడిచేతికి కత్తిని ఎడమచేత్తో పట్టుకోవాలి కాబట్టి మణికట్టు నుంచి మోచేతి వైపు కొంచెం కొంచెంగా నురగ తీసుకుంటూ వస్తున్నాడు. ప్రతి గీతకీ ఆగి ఊపిరి పీలుస్తున్నాడు. ఆ ఊపిరి వెనక సన్నటి ఈల లాంటి చప్పుడు. పొయ్యి దగ్గర మొక్కజొన్న సంకటి ముక్కలు వెన్నలో వేయిస్తున్న భార్య ఒర్సొలా వెనక్కి తిరగకుండానే ఆ చప్పుడు వింటోంది.

పడవకి వార్నిష్ పూత వేసే రోజున ఫెర్మో రొట్టె ముట్టడు. రొట్టెపొడి చొక్కా మడతలో దాక్కుని, తడి వార్నిష్ చూడగానే కిందికి దూకుతుందని అతని నమ్మకం. ఉన్ని బట్టలు వేసుకోడు. ఒర్సొలా నిన్ననే నూలు చొక్కా ఉతికి, ఇంట్లోనే దుప్పటి కింద ఆరబెట్టి ఉంచింది.

"డాక్టరు చెప్పింది మర్చిపోయావా?" అంది పళ్లెం పెడుతూ.

"ఆయన చెప్పింది నీకు. నాకు కాదు."

"నీకు చెప్పమనే కదయ్యా నాకు చెప్పింది! ఇంకొక్కసారి తలుపులు బిగించుకుని ఆ పూతగదిలో కూచుంటే తన దగ్గరికి రావద్దన్నాడు. పాదిరీ దగ్గరికి పొమ్మన్నాడు."

"ఇదే ఆఖరుది ఒర్సొలా. ఆఖరు పడవ, ఆఖరు పూత. ఇక నేను చేద్దామన్నా పని ఉండదు."

ఆమె చొక్కా విదిలించబోయి, గుర్తొచ్చి మానేసింది. మడత విప్పకుండానే అతని చేతికిచ్చింది.

"పైనున్న ఆ చిన్న కిటికీ అయినా వేలెడు తీసి పెట్టుకో. మాటివ్వు."

"వేలెడే కదా. తీస్తాలే."

"తీయకపోయావో, రేపు ఇంటికి రాకు."

ఫెర్మో నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది. తొట్టి అంచు పట్టుకుని, అది తగ్గిందాకా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

సరస్సు ఒడ్డు వెంట పడవల కార్ఖానాకి నడిచాడు. అవతలి గట్టున సిమెంటు మిల్లు పొగ నిటారుగా లేస్తోంది. గాలి లేదు. మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచిందంటే ఆ పొగలోని బూడిద అంతా నీళ్లు దాటి ఇటే వస్తుంది. ఆలోపు పూత ముగించాలి. ఇదివరకు గాలి లేచేసరికి ముగించి, గది బయట కాళ్లు చాపుకుని కూచునేవాడు. ఈమధ్య చేయి సాగడం లేదు.

ఫైబర్ పడవల షెడ్డు ముందు తుల్లియో అనే కుర్ర పనివాడు సిగరెట్ కాలుస్తున్నాడు.

"బాబాయ్, రేపట్నుంచి మా దగ్గరికేగా? హాయిగా ఉంటుంది. అచ్చులో పోయడం, కేకులా తీయడం."

"మీ కేకులు తినేవాళ్ల పళ్లు జాగ్రత్తరా" అని ఫెర్మో ఆగకుండా వెళ్లిపోయాడు.

పూతగది ముందు మేస్త్రీ జెర్వాసియో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడు, ఒకే ఎత్తు ఉన్నప్పుడు కార్ఖానాలో చేరారు. ఇప్పుడు జెర్వాసియో తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"చంకలు కూడా గొరిగావట్రా?"

"నీ గుండు చూసి బుద్ధి తెచ్చుకున్నాను. అంత నున్నగా ఉండాలని."

జెర్వాసియో నవ్వి, గొంతు తగ్గించాడు. "చిన్న యజమాని స్ప్రే గన్‌తో కొట్టేయమన్నాడు. నేనే ఆపాను. దగ్గు వచ్చిందనుకో, బయటికి వచ్చెయ్. మిగిలింది గన్‌తో కొట్టించేస్తా."

"సగంలో గన్ కొడితే అతుకు కనపడదూ?"

"కొనేవాడికేం తెలుస్తుందిరా?"

"తెలియకపోతే ఇన్నేళ్లు నాచేత ఎందుకు గొరిగించార్రా?"

జెర్వాసియో తలుపు తెరిచి పక్కకి జరిగాడు.

ఆ గదికి నియమాలు పెద్ద యజమాని కాలం నాటివి. నేల తడిగా ఉండాలి. ఒక్కడే లోపలికి పోవాలి. లోపలి గడియ వేశాక మళ్లీ తీసేది అతనే. బయటివాళ్లు తలుపు తట్టకూడదు, పిలవకూడదు. తలుపు మీద ఒక్క దెబ్బ పడితే చూరు మీది దుమ్మంతా రాలుతుంది. ఆఖరి పూత వేసిన రాత్రి పూతవాడు ఇంటికి పోడు, ముందుగదిలో మంచం వేసుకుని కాపలా పడుకుంటాడు.

ఫెర్మో నేల మీద నీళ్లు చల్లాడు. తలుపు కింద తడి గోతాం దోపాడు. ముక్కాలి పీట ఎక్కి, సరస్సు వైపు చిన్న కిటికీని వేలెడు తెరిచాడు. దిగి, నూనె డబ్బాలో వేలాడుతున్న కుంచెను తీసి వెంట్రుకలు పిండాడు. కుంచె పిడి అతని బొటనవేలి కింద గుంట పడిపోయి ఉంది. పని లేనప్పుడు అది ఎప్పుడూ ఆ నూనెలోనే ఉండేది. పెళ్లిరోజు పొద్దున కూడా చర్చికి పోయేముందు ఇటు వచ్చి, నూనె తగ్గిందేమో చూసి వెళ్లాడు. కుంచె ఎండిపోనిచ్చినవాడిని పెద్ద యజమాని మర్నాడు పనిలోకి రానిచ్చేవాడు కాదు.

పడవ పేరు రోందినె. వానకోయిల అని అర్థం. ముక్కు నుంచి మొదలుపెట్టాడు. మహాగని చెక్క కరెంటు దీపం వెలుగులో తేనెలా ఉంది.

యుద్ధం అయిపోయిన చలికాలంలో పెద్ద యజమాని ఈ ముక్కునే షెడ్డు నేల మీద సుద్దతో గీశాడు. గీసి చెరిపి, గీసి చెరిపి, చివరికి అందరినీ గీతల మీద కాలు పెట్టకుండా నడవమన్నాడు. మొదటి రోందినెకు సైన్యం వదిలేసి పోయిన లారీ ఇంజను బిగించారు. నీళ్లలోకి దించిన రోజు యజమాని, జెర్వాసియో, ఫెర్మో ఎక్కారు. సరస్సు నడిమధ్యకు పోయాక అడుగు నుంచి నీళ్లు పైకి లేచాయి. ముగ్గురూ బూట్లు విప్పి నీళ్లు తోడుతూ, పడీపడీ నవ్వుతూ ఒడ్డు చేరారు. ఫెర్మో రోందినె ఎక్కింది ఆ ఒక్కసారే.

ముక్కు దాటి పక్కలకి వచ్చాడు. పొడుగాటి గీత, దాని అంచు ఆరకముందే పక్క గీత. మధ్యలో ఆగడానికి లేదు.

తర్వాత పడవ మారుతూ వచ్చింది. ఈదుతున్న యజమాని భార్య పైకి ఎక్కలేకపోయిందని వెనక మెట్లు కోశారు. ఎవరో సినిమా నటి ఫొటో తీయించుకుంటే బాగా పడలేదని పక్కన తెల్లటి గీత వచ్చింది. ఒక ఇంజను రెండయింది. మిలాన్ మిల్లు యజమానులు కొన్నారు, ఎడారి షేకులు కొన్నారు. మంగలి షాపు గోడ మీది పత్రికల్లో రోందినె కనపడేది. ఏటా ఏదో ఒకటి మారింది. మారనిది పూత ఒక్కటే. పల్చగా ఇరవైసార్లు వేయడం, ప్రతిసారీ ఆరాక ఉప్పుకాగితంతో రుద్దడం. పూతవాళ్ల పెళ్లిళ్లన్నీ జనవరిలోనే జరిగేవి. ఆ తేమలో వార్నిష్ ఆరదు కనక సెలవు దొరికేది. ఫెర్మో పెళ్లీ అప్పుడే. కూతురు లీనా పసిపిల్లగా ఉన్నప్పుడు అతను ఎత్తుకుంటే వార్నిష్ వాసనకి ముఖం తిప్పేసేది. పిల్ల కాస్త పెద్దదై అలవాటు పడేదాకా, అతను ఎత్తుకోవడం మానేసి ఉయ్యాల తాడు పట్టుకుని ఊపేవాడు.

పెట్రోలు ధర పెరిగాక ఆర్డర్లు తగ్గాయి. పెద్ద యజమాని పోయాడు. ఫైబర్ అచ్చులు వచ్చాయి.

రెండో పక్క సగంలో ఉండగా మొదటి దగ్గు వచ్చింది. తడిగుడ్డ నోట్లో కుక్కుకుని, ముఖం గోడకి తిప్పి మింగేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీ సందులోంచి వచ్చే చల్లటి గాలి కిందికి వెళ్లి, తల పైకెత్తి నిలబడ్డాడు. రెండు గుక్కలు లోపలికి పోయాయి. అంతలో చెంపకి గాలి బలంగా తగిలింది. దక్షిణపు గాలి లేచింది.

వెనక్కి తిరిగి చూశాడు. ముక్కు దగ్గర తడి మీద చిన్న దోమపురుగు వాలి ఉంది. కాళ్లు అంటుకుపోయి, రెక్కలు మాత్రం కొట్టుకుంటోంది. కొత్తవాడయితే వేలితో తీయబోయి పూతంతా పాడు చేస్తాడు. ఫెర్మో దాని జోలికి పోలేదు. చచ్చి ఆరిపోతే గోటితో గీకితే ఊడిపోతుంది. కాని బూడిద అలా కాదు. బూడిద పడితే ఆరాక కూడా పోదు.

కిటికీ వైపు చూశాడు. వేలెడంత వెలుతురు. ఒర్సొలా గుర్తొచ్చింది. పీట ఎక్కాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో కిటికీ మూసి కొక్కెం పెట్టాడు.

ఆ తర్వాత గీతలు పొట్టివయ్యాయి. గీతకీ గీతకీ నడుమ నోరు తెరిచి ఊపిరి కోసం చూశాడు. పడవ వెనక మెట్లు ఒక్కొక్కటీ ముగించాడు. ఎడమ మూలకి వచ్చి, కుడి నుంచి ఎడమకి ఆఖరి గీత లాగి కుంచె ఎత్తాడు. వంగి, ఓరగా దీపం పెట్టి చూశాడు. అతుకు లేదు.

తలుపు పడవకి అవతలి వైపు ఉంది. గోడకీ పడవకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత సందు. దగ్గు పొంగుకొస్తోంది. ఇలా ఊగుతూ నడిస్తే భుజం తగులుతుందని అనుమానం వచ్చింది. ముఖం గోడకి తిప్పుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూలబడ్డాడు. కాసేపు కూచుంటే తగ్గుతుందనుకున్నాడు. కుంచె చేతిలోనే ఉంది.

పొద్దు వాలాక జెర్వాసియో ఒర్సొలా పంపిన చిక్కుడు గింజల పులుసు గిన్నె తెచ్చాడు. ముందుగదిలో మంచం ఖాళీగా ఉంది. లోపలి గడియ వేసే ఉంది. తలుపుకి చెవి ఆనించాడు. లోపల ఏ చప్పుడూ లేదు. ఇవాళ దగ్గు లేదు, మంచిదే అనుకున్నాడు. తట్టడానికి లేచిన చెయ్యి దానంతటదే కిందికి దిగింది. గిన్నె మంచం మీద పెట్టి, మూత సరిచేసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

దారిలో ఒర్సొలా తన ఇంటి గుమ్మంలో నిలబడి అడిగింది. "ఎలా ఉన్నాడు?"

"దగ్గు కూడా లేదు వదినా. ప్రశాంతంగా చేసుకుంటున్నాడు."

"కిటికీ తీసి పెట్టుకున్నాడా?"

"తీసే ఉంటాడు."

మర్నాడు పొద్దున పులుసు మీద నెయ్యిలా కొవ్వు పేరుకుని ఉంది. మూత తీసిన గుర్తు లేదు. అప్పుడు కూడా తలుపు బద్దలు కొట్టలేదు. జెర్వాసియో ఉలి సందులోకి దూర్చి, గడియను నెమ్మదిగా పైకి లేపాడు. రోందినె మెరుస్తోంది. దాని పక్కచెక్కలో అద్దంలోలా తలుపు, తలుపులో నిలబడిన మనుషులు స్పష్టంగా కనపడ్డారు. వెనక, గోడకి ముఖం పెట్టి ఫెర్మో కూచుని ఉన్నాడు. అతని చొక్కా నూలుపోగు కూడా చెక్కకి తగల్లేదు. నలుగురు కలిసి అతన్ని పక్కకి తిప్పి, సందులోంచి, భుజాలు తగలకుండా బయటికి తీసుకొచ్చారు.

ఒర్సొలా వచ్చి ముందు అతని ముఖం చూడలేదు. తల ఎత్తి కిటికీ చూసింది. కొక్కెం చూసింది.

వారం తర్వాత లారీ వచ్చి పడవని తీసుకుపోయింది. అంతకుముందు జెర్వాసియో ముక్కు దగ్గరి దోమపురుగుని బొటనగోటితో గీకి, నూనెగుడ్డతో రుద్దాడు. ఆ చోటు ఎక్కడో మళ్లీ వెతికితే అతనికే దొరకలేదు.

కుంచెని ఒర్సొలాకి ఇచ్చారు. ఆమె దాన్ని టర్పెంటైన్‌లో నానబెట్టింది. కిరోసిన్‌లో నానబెట్టింది. అది మెత్తబడలేదు. వెంట్రుకలు చెక్కలా బిగుసుకుపోయి, గీత ఇంకా లాగుతున్నట్టు ఒకవైపుకే వాలి ఉన్నాయి. కొన్నాళ్లు తొట్టి పక్కన ఉంచింది. తర్వాత వంటింటి కిటికీ రెక్క మూసుకుపోకుండా, గుంట పడిన ఆ పిడిని సందులో దోపి పెట్టింది. కిటికీ అక్కడికి ఆగింది, వేలెడంత తెరుచుకుని.