బందరు చూడబోయిన ముగ్గురు

ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలు కలిసిన కొత్తలో, ఒక కార్తీక మాసంలో, నకిరేకల్ పక్క పల్లెనుంచి గాలయ్య తన తల్లి ఉప్పలమ్మనూ భార్య అండాలునూ వెంటబెట్టుకుని బందరు బయలుదేరాడు. చిలకలపూడి పాండురంగణ్ణి కళ్ళారా చూడాలనీ, పున్నమినాడు సముద్రంలో మునగాలనీ ముసలామె కోరిక. వచ్చే ఏడు పోదామంటూ కొడుకు ఎన్నాళ్ళుగానో దాటవేస్తూ వచ్చాడు. ఈసారి ఆమె బువ్వ ముట్టనని కూర్చుంది. బస్సులో బెజవాడకూ, అక్కణ్ణుంచి రైల్లో బందరుకూ చేరి సత్రంలో దిగారు.

పున్నమి ముందురోజు పొద్దున్నే దర్శనమైంది. గుడి బయట వెంకటయ్య అనే జట్కా అతను, ఊళ్ళో చూడాల్సినవన్నీ చూపిస్తానని వాళ్ళను ఎక్కించుకున్నాడు. మంచి మాటకారి. దారి పొడుగునా ఓడల కథలూ దొరల కథలూ చెబుతూ, ముందుగా వలందుల, అంటే డచ్చి దొరల, సమాధుల దగ్గర ఆపాడు. ఎప్పుడో బట్టల వ్యాపారానికి సముద్రం దాటి వచ్చి, తిరిగిపోలేక ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద అర్థంకాని రాత, ఒకదాని మీద పుర్రె బొమ్మ. గాలయ్య ఆ చెక్కడాన్ని వేళ్ళతో తడిమి మెచ్చుకున్నాడు. అండాలు గేటు దాటలేదు. దేవుణ్ణి చూసిన కళ్ళతో ఇవేం చూడటమని ఆమె మనసు ముడుచుకుపోయింది. పైగా ఆ గాలి. తెల్లవారినప్పటినుంచీ ఈశాన్యం నుంచి ఒకే తీరున వీస్తోంది. ఆకాశమంతా మసి పట్టినట్టుంది.

గాలయ్యకు మాత్రం ఆ మబ్బును చూస్తే ప్రాణం లేచొచ్చింది.

"గీ మబ్బు మన దిక్కు పోతే ఎంత మంచిగుండు," అన్నాడు.

వెంకటయ్య ఆకాశంకేసి చూసి పగ్గం అందుకున్నాడు. అప్పటినుంచీ అతని మాటలు తగ్గిపోయాయి. ఆ సంగతి అండాలు ఒక్కతే గమనించింది.

తర్వాత కోట. కోటంటే బురుజులూ దర్వాజలూ ఉంటాయనుకున్నారు. అక్కడ కూలిన గోడలు, తుమ్మచెట్లు, ఉప్పు తేలిన నేల. దొరల కాలపు పాత సరుకుల కొట్టు ఒక్కటి మందపాటి గోడలతో నిలబడి ఉంది. తన తాత పసివాడుగా ఉన్నప్పుడు ఉప్పెన వచ్చిందనీ, సముద్రం ఊరి నడుమకు నడిచొచ్చిందనీ, తెల్లారాక చచ్చినవాళ్ళ కోసం ఏడవడానికి కూడా చాలా ఇళ్ళలో మనిషి మిగల్లేదనీ వెంకటయ్య చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతను తూర్పుకేసే చూస్తున్నాడు.

సముద్రం దారి పట్టాక పల్లెకారులు పడవల్ని తాటిచెట్ల దాకా లాక్కొస్తూ కనిపించారు. ఆడవాళ్ళు నెత్తిన మూటలతో, చంకన కోళ్ళగంపలతో ఎదురొస్తున్నారు. గుర్రం ఆగిపోయింది, ఎంత అదిలించినా కదల్లేదు. వెంకటయ్య దిగి, సముద్రం తీరు బాగాలేదు, వెనక్కి పోదామన్నాడు. ఉప్పలమ్మ ఒప్పుకోలేదు. రేపటిదాకా తను బతికి ఉంటుందో లేదో, ఇప్పుడే ముట్టుకొస్తానంది.

కాపురానికి వచ్చిన నాటినుంచీ అండాలు మొగుడి మాటకు అడ్డు చెప్పి ఎరగదు. ఆ పూట చెప్పింది.

"అత్తను తీస్కపోకు. గా ఆడోళ్ళ మొఖాలు జర చూడు."

"గింత దూరమొచ్చి సముద్రం ముట్టకుంట పోతమానే?" అని గాలయ్య తల్లి చెయ్యి పట్టుకుని ఇసుకలోకి నడిచాడు.

అండాలు బండి దగ్గరే నిలబడి చూసింది. బురద రంగు నీళ్ళు కుప్పలు కుప్పలుగా లేస్తున్నాయి. ఉప్పలమ్మ వంగి దోసిలి పట్టబోయింది. ముందటివాటికంటే ఎత్తైన అల ఒకటి వచ్చి ఇద్దర్నీ మింగేసింది. అండాలు కాళ్ళు కదిలేలోపే వెంకటయ్య పరుగెత్తి నీళ్ళలో పడ్డాడు. గాలయ్య తల్లి కొంగు వదల్లేదు, వెంకటయ్య గాలయ్య జబ్బ వదల్లేదు. ముగ్గురూ ఇసుక కక్కుతూ బయటపడ్డారు.

అంతలో వాన అందుకుంది. కంకర విసిరినట్టు మొహాలకు కొట్టింది. ఊరిదాకా పోయే వ్యవధి లేదని వెంకటయ్య వాళ్ళను కోటలోని పాత కొట్టుకు చేర్చాడు. పల్లెకారుల కుటుంబాలు అప్పటికే లోపల ఉన్నాయి. అతను మళ్ళీ బండివైపు తిరిగేసరికి గాలయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"పోకు అన్నా. గీ గాలిల యాడికి పోతవు?"

"మా ఇల్లు పల్లంలో ఉందండీ. మా ఆవిడ ఒక్కతే ఉంది. నేనొచ్చేదాకా గుమ్మం దాటదు," అని చెయ్యి విడిపించుకున్నాడు.

పొద్దుగూకే వేళకు నీళ్ళొచ్చాయి. మోకాళ్ళదాకా, నడుందాకా వచ్చి ఆగాయి. ఉప్పలమ్మను కొడుకూ కోడలూ చేతుల మీద ఎత్తుకుని నిలబడ్డారు. ఆమె పాండురంగణ్ణి కూడా పిలవలేదు.

తెల్లారి నీళ్ళు వెనక్కి తీశాక, బురదలో కాళ్ళీడ్చుకుంటూ ఒక నడివయసు మనిషి వచ్చింది. వెంకటయ్య భార్య కౌసల్య. గాలి ముదరగానే ఇరుగుపొరుగుతో కలిసి గుడికి చేరి బతికింది. గుడి దగ్గర వాకబు చేసి మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చి, నిన్న చిలకలపూడిలో జట్కా ఎక్కిన తెలంగాణ వాళ్ళు మీరేనా అని అడిగింది.

"మా ఆయనేడండీ?"

గాలయ్య తల దించుకున్నాడు. చెప్పాల్సింది అండాలుకే పడింది.

"మమ్ముల ఈడ దించి నీ కోసమే పోయిండు, అక్కా."

ఆ మధ్యాహ్నానికి కాలువ పక్క తుమ్మల్లో అతను దొరికాడు. పగ్గం చేతికి చుట్టుకునే ఉంది. పాడె ఒక కొమ్ము గాలయ్య మోశాడు. పెద్దకర్మ అయ్యేదాకా ముగ్గురూ అక్కడే ఉండి, కూలిన ఇంటి గోడ ఎత్తిపెట్టారు, తాటాకు కప్పారు. సముద్ర స్నానం మాట ఉప్పలమ్మ ఎత్తలేదు.

ఆ రోజుల్లో కౌసల్య వాళ్ళకు వండిపెట్టింది, ముసలామె కాళ్ళకు పసుపు రాసింది. మీవల్లే ఆలస్యమైందని ఒక్కసారైనా అంటుందేమోనని అండాలు పొయ్యి దగ్గర కూర్చుని ఎదురుచూసింది. ఆమె అనలేదు. స్టేషన్‌కు బయలుదేరే పొద్దున కూడా అన్నం మూటకట్టి చేతికిచ్చి, జాగ్రత్తగా వెళ్ళండని చెప్పి, తిరిగి లోపలికి పోయి తలుపు వేసుకుంది.