ఆయన అనని ఆమేన్

దేవుడి దగ్గరైనా సరే, అడిగింది ఇచ్చేదాకా గుమ్మం వదలని మనిషిని నేను. మా చర్చిలో ఎవరికి జబ్బు చేసినా "రెబెక్కమ్మగారూ, మీరు ప్రార్థన చేయండి" అంటారు. నేను గొంతెత్తానంటే పక్కింటివాళ్లు టీవీ కట్టేసుకోవాల్సిందే. అలాంటి నా ప్రార్థనకి కట్టుకున్న మనిషే ఆమేన్ అనకపోతే తల కొట్టేసినట్టు ఉండదూ?

మాది కొవ్వూరు. మా ఆయన తాతాజీ తాపీమేస్త్రి. వానాకాలంలో కామెర్లు అనుకున్నది చివరికి కాలేయంలో కేన్సర్‌గా తేలింది. రాజమండ్రిలో డాక్టరుగారు స్కానింగ్ చూసి, "ఇంక ఇంటికి తీసుకెళ్లిపోండమ్మా, ఏది తింటానంటే అది పెట్టండి" అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోలేదు. డాక్టర్ల చేతిలో లేనిది దేవుడి చేతిలో ఉంటుంది కదా. రోజూ పొద్దున్నే ఉబ్బిన ఆయన పొట్టమీద చెయ్యి వేసి, "ఈ మనిషిని లేపు ప్రభువా, లేపేదాకా నీ వెంటపడతాను" అని ప్రార్థించేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని ఆమేన్ అనేవారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు రాజ్ కుమార్ గారు రొట్టె, ద్రాక్షరసం తీసుకుని మా ఇంటికి వచ్చారు, మంచం దిగలేని మనిషికి ప్రభు బల్ల ఇవ్వడానికి. వెంట సంఘంలోని ఆడవాళ్లు కూడా వచ్చారు. మా ఆయన చిన్న ముక్క నోట్లో పెట్టుకుని కష్టం మీద మింగారు. "అమ్మా, మీరు ప్రార్థన చేయండి" అన్నారు పాస్టరుగారు. చేశాను. ఉన్న బలమంతా పెట్టి చేశాను. అందరూ ఆమేన్ అన్నారు. మా ఆయన మాత్రం పెదవులు బిగించుకుని గోడవైపు తిరిగిపోయారు.

పాస్టరుగారు తల ఎత్తి ఫ్యాను వైపు చూశారు. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వందనాలు చెప్పేసి అందరూ బయటపడ్డారు.

"ఏంటండీ ఇది? నలుగురిలో నా పరువు తీసేశారు. ఆమేన్ అనడానికి ఏం వచ్చింది మీకు?"

"అబద్ధం ఆడలేక," అన్నారు.

"బతకాలనుకోవడం అబద్ధమా?"

"బతకాలనే ఉంది రెబెక్కా. అడిగాను కూడా. దేవుడు వద్దన్నాడు. సరే, నీ ఇష్టం ప్రభువా అని నన్ను నేను ఆయన చేతుల్లో పెట్టేసుకున్నాను. రోజూ పొద్దున్నే నువ్వొచ్చి వెనక్కి లాగుతున్నావు. అటు ఆయన, ఇటు నువ్వు. మధ్యలో నలిగిపోతున్నానే."

"మీకేమండీ, మీరు వెళ్లిపోతారు. ఉండాల్సింది నేను కదా! నన్నెవరి చేతుల్లో పెట్టారు?"

ఆయన నావైపు తిరగబోయారు. ఇంతలో వాంతి వచ్చింది. బేసిన్ పట్టాను. మింగిన ఆ రొట్టెముక్క కూడా నిలవలేదు. వీపు రాస్తుంటే ఎముకలన్నీ చేతికి తగిలాయి. సిమెంటు బస్తా ఒంటి భుజాన మోసిన మనిషి, బేసిన్ అంచు పట్టుకోలేక నా చేతిమీద వాలిపోయారు. ఇంకా ఏముందని లాగుతున్నానో నాకే అర్థం కాలేదు.

"నన్ను వదిలేశానని ఒక్కసారి దేవుడితో చెప్పవే," అన్నారు. "నీ నోటితో."

చెప్పకూడదనుకున్నాను. చెబితే నా చేతులతో నేనే చంపుకున్నట్టవుతుందని భయం. కానీ ఆయన చూపు నా మొహం మీదనుంచి కదల్లేదు. చెంగుతో ఆయన మూతి తుడిచి, కళ్లు మూసుకోకుండానే మొదలుపెట్టాను. ఎప్పుడూ లేనిది, గొంతెత్తలేదు.

"ప్రభువా, ఈయన్ని నీకు ఇస్తున్నాననుకోకు. నాకు ఇవ్వాలని లేదు. పట్టుకునే బలం లేక వదిలేస్తున్నాను. నువ్వు చేసేది న్యాయమని నా చేత అనిపించకు, అనలేను. నీ ఇష్టమే కానివ్వు. నొప్పి లేకుండా తీసుకెళ్లు. నన్నేం చేస్తావో నీకే తెలియాలి."

ఏ నెమ్మదీ కలగలేదు. ఇన్నేళ్లుగా చర్చిలో అందరూ చెప్పే సాక్ష్యాల్లో విన్న ఆ శాంతి మా గుమ్మం తొక్కలేదు. గుండె ఖాళీ అయిపోయింది, అంతే.

ఒక్క క్షణమైనా ఆయన తటపటాయిస్తారేమో, నా చెయ్యి పట్టుకుని వద్దులే అంటారేమో అని ఆశపడ్డాను.

"ఆమేన్," అన్నారు వెంటనే, గదంతా వినపడేలా. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా మాటకి అంత తొందరగా ఒప్పుకున్నది అదొక్కసారే.